ఆ విషాదాంతం తపాలా శాఖది: స్త్రీల ప్రేమకథలపై అపోహలు, వాస్తవాలు

ప్రేమ నవలల రాతప్రతులు సరిదిద్దడం నా పని. ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను చెప్పే సాఫిక్ కథలు కొన్నేళ్లుగా నా బల్ల మీదికి తరచుగానే వస్తున్నాయి. కథలు వేరువేరు, వాటి వెనక ఉన్న నమ్మకాలు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

అపోహ: నిషిద్ధ ప్రేమ కన్నీళ్లతోనే ముగియాలి, అదే సహజం.

అది ఒకప్పటి వ్యాపార షరతు. 1952లో అమెరికా రచయిత్రి మారిజేన్ మీకర్ 'విన్ ప్యాకర్' అనే మారుపేరుతో 'స్ప్రింగ్ ఫైర్' రాసినప్పుడు, సుఖాంతం కుదరదని ఆమె సంపాదకుడు ముందే చెప్పాడు. పుస్తకాలు తపాలాలో వెళ్లాలి. ఇలాంటి ప్రేమను మెచ్చుకున్నట్టు కనిపిస్తే తపాలా అధికారులు పట్టుకుంటారని భయం. అందుకే చివరికి ఒక అమ్మాయికి మతి చలిస్తుంది, రెండో అమ్మాయి తాను ఆమెను ఎన్నడూ ప్రేమించలేదని తేల్చుకుంటుంది. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. దాన్ని చూసి రాసినవాళ్లు ఆ ముగింపునూ నేర్చుకున్నారు.

భయం ఉత్తది కాదు. 1954 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ తపాలా అధికారి 'వన్' అనే స్వలింగ ప్రేమికుల పత్రిక సంచికను ఆపేశాడు. అశ్లీలమని వేలెత్తి చూపిన రచనల్లో ఒక చిన్న కథ ఉంది. అందులో ఒక యువతి పెళ్లి అవకాశం వదులుకుని, తాను ప్రేమించిన స్త్రీతో ఉండిపోతుంది. ఆ ఉండిపోవడమే తప్పయింది. కింది కోర్టులు తపాలా శాఖనే సమర్థించాయి. 1958లో అమెరికా సుప్రీంకోర్టు వాటి తీర్పును కొట్టేసింది.

అప్పటివాళ్లు గత్యంతరం లేక కట్టిన సుంకాన్ని ఇప్పటివాళ్లు కళ అనుకుని కడుతున్నారు. నాయికను చంపవద్దని నేను అనను. ఎందుకు చనిపోతోందో కథ చెప్పాలి, అంతే.

అపోహ: ఇవన్నీ పడకగది కథలు.

ఇంగ్లండ్ రచయిత్రి రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన 'ది వెల్ ఆఫ్ లోన్లీనెస్' నవలలో ఆ సంగతి ఒక్క వాక్యంలో, అదీ చాటుగా వస్తుంది. అయినా 1928 నవంబరులో లండన్ కోర్టు ప్రతులను ధ్వంసం చేయమంది. ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ 1942లో అచ్చువేసిన 'లిహాఫ్' కథంతా ఒక చిన్నపిల్ల చూపులోంచి సాగుతుంది. దానిపై లాహోర్‌లో అశ్లీలత కేసు నడిచింది. ఇదీ అసభ్యమైన మాట అని ఎవరూ చూపలేకపోయారు, కేసు వీగిపోయింది. హాల్ నవల చివర అడిగిందల్లా మాకూ బతికే హక్కు ఇవ్వండి అని. మింగుడుపడనిది ఆ అడగడమే అని నా అనుమానం.

అపోహ: ఇద్దరిలో ఒకరు మగరాయుడిలా ఉండాలి.

ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దీని మీద ఇంతకంటే సిరా ఖర్చుపెట్టను.

అపోహ: ప్రేమ నిషిద్ధం కావాలంటే ఒక దుర్మార్గుడు అడ్డుపడితే చాలు.

రాతప్రతులు ఎక్కువగా కుంటేది ఇక్కడే. అరిచే తండ్రి, బయటినుంచి వేసిన గడియ, బెదిరింపులు. ఎవరి పక్షాన ఉండాలో రెండో అధ్యాయానికే తెలిసిపోయాక చదివేవాళ్లకు ఇక పనేముంది? ప్రేమించేవాళ్లు కాదన్నప్పుడే నిషేధానికి బరువు. పట్రీషియా హైస్మిత్ 1952లోనే మారుపేరుతో ప్రచురించిన 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్' చూడండి (తన సొంత పేరు పెట్టుకోవడానికి ఆమెకు 1990 దాకా పట్టింది). అందులో కరోల్‌కు ఎదురైన చిక్కు ఒక పాప. ప్రేమించిన స్త్రీని వదులుకోకపోతే కన్నకూతురు దూరమవుతుంది. ఆ నవల ఆశతో ముగుస్తుంది, కాని ఉచితంగా ముగియదు.

అందుకే కొత్త రచయితలను ఒక్కటే అడుగుతాను: ఈ ప్రేమ వల్ల మీ నాయిక పోగొట్టుకునేది ఏమిటి? 'సమాజం' అన్న జవాబు వస్తే రాతప్రతి వెనక్కి పంపుతాను. అక్క పలకరింపు, అమ్మ ఇంటి తాళంచెవి, ఇరవై ఏళ్ల స్నేహం, ఇలా ఏదో ఒకటి చేతికి తగిలేలా ఉండాలి.

అపోహ: తనను తాను తెలుసుకోవడం ఒక్క ముద్దుతో జరిగిపోతుంది.

నేను చదివిన మంచి కథల్లో అది వెనక్కి నడుస్తుంది. పదహారేళ్లప్పుడు స్నేహితురాలు ఊరు మారుతోందని తెలిసి నాయికకు వారం రోజులు నిద్రపట్టలేదు. అది స్నేహమే అనుకుంది. ముప్ఫై రెండేళ్లకు, వేరొకరి పక్కన నడుస్తుంటే, ఆ వారం మళ్లీ గుర్తొస్తుంది. జరిగింది మారలేదు, దాని పేరు మారింది. ముద్దు ఎప్పుడైనా రావచ్చు. ఆ పేరు మారే చోటు కోసం నేను పేజీలు తిప్పుతాను.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు, ఒక వరం. 'తను' అంటే ఆడో మగో తెలియదు. క్రియ దగ్గర మాత్రం దొరికిపోతాం: వచ్చాడు, వచ్చింది. దాచుకోవాలంటే బహువచనమే దిక్కు, 'తను వచ్చారు' అనాలి. నాయిక మర్యాద చాటున దాక్కుంటుంది. ఈ ప్రేమకథలకు పేరిచ్చిన ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫోది మనకు పూర్తిగా దక్కిన కవిత ఒక్కటే, అఫ్రోడైటీ దేవతకు మొర. అందులోనూ ఆమె మనసుపడింది స్త్రీ మీదేనని పట్టిచ్చేది ఒక పదం చివర ఉన్న స్త్రీలింగ ప్రత్యయం మాత్రమే.

ఇంత తెలిసీ నేను ఒకసారి బోల్తాపడ్డాను. ఒక రాతప్రతిలో నాయిక తన ప్రియురాలి గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడినప్పుడల్లా 'తను చెప్పారు', 'తను రాలేదండి ఇంకా, వస్తారు' అని ఉంది. రచయిత్రి తడబడిందనుకుని ఎర్ర సిరాతో వరుసగా దిద్దుకుంటూ పోయాను: చెప్పింది, వస్తుంది. ప్రతి వెనక్కి వెళ్లింది. రెండు రోజులకు జవాబు వచ్చింది: "212వ పేజీ చూశారా?"

చూడలేదు. తీసి చూశాను. తలుపు చప్పుడైంది, ఎవరని తల్లి ఫోనులో అడుగుతోంది. నాయిక కాసేపు ఊరుకుని, "తను వచ్చిందమ్మా" అంటుంది.

నా ఎర్ర సిరా దిద్దుబాట్లన్నీ ఒక్కొక్కటిగా కొట్టేయడానికి ఆ రాత్రి సరిపోయింది.