ట్రిగ్గర్ చుట్టూ తొంభై ఏళ్లు: అమెరికాలో బంప్ స్టాక్ వివాదం వెనుక కథ

2024 జూన్ 14న అమెరికా సుప్రీంకోర్టు వెలువరించిన ఒక తీర్పు ప్రతిని తిరగేస్తే, చేతికొచ్చింది కోర్టు కాగితమా, మెకానిక్ పుస్తకమా అన్న సందేహం కలుగుతుంది. ఏఆర్-15 తరహా రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కినప్పుడు లోపలి సుత్తి ఎలా విడివడి ముందుకు దూకుతుందో, తూటా పేలాక వెనక్కి వచ్చి ఏ కొక్కేనికి తగులుకుంటుందో, వేలు వదిలితే తప్ప రెండో తూటాకు ఎందుకు సిద్ధం కాదో అందులో వరుస బొమ్మలతో వివరించారు. గార్లండ్ వర్సెస్ కార్గిల్ అనే ఆ కేసులో మెజారిటీ తరఫున తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్‌కు ఆ బొమ్మల అవసరం ఉంది. బంప్ స్టాక్ అనే ప్లాస్టిక్ పరికరం తగిలించిన రైఫిల్ మెషిన్ గన్ అవుతుందా కాదా అన్న ప్రశ్నకు జవాబు మొత్తం ఆ కొక్కేనికీ సుత్తికీ మధ్యనే ఉందని ఆయన వాదన. ఆరుగురు న్యాయమూర్తులు కాదన్నారు, ముగ్గురు అవునన్నారు. దాంతో 2019 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న నిషేధం రద్దయింది.

ఈ వివాదాన్ని ఆయుధ హక్కుకు సంబంధించిన పోరుగానే మన పత్రికలు ఎక్కువగా పరిచయం చేశాయి. నిజానికి ఆ తీర్పు, ఆయుధ హక్కు గురించి చెప్పే అమెరికా రాజ్యాంగ రెండో సవరణ జోలికే వెళ్లలేదు. ఆయుధం కలిగి ఉండటం వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులోనూ, ఆ హక్కు ఇంటి గడప దాటాక కూడా వర్తిస్తుందని 2022లో బ్రూయెన్ కేసులోనూ అదే కోర్టు చెప్పిన మాట నిజమే. బంప్ స్టాక్ కేసులో మాత్రం చిక్కు అంతా 1934 నాటి చట్టంలోని ఒక నిర్వచనం దగ్గర వచ్చింది.

ముందు ఆ పరికరం సంగతి చూద్దాం. రైఫిల్ వెనుక భుజానికి ఆనించుకునే భాగాన్ని స్టాక్ అంటారు. మామూలు స్టాక్ తుపాకీకి గట్టిగా బిగించి ఉంటుంది. దాన్ని ఊడదీసి బంప్ స్టాక్ అమరిస్తే, రైఫిల్ ఒక ఒరలో ఉన్నట్టుగా ముందుకూ వెనక్కూ కొద్ది మేర జారుతుంది. కాల్చే మనిషి కుడి చూపుడు వేలిని ట్రిగ్గర్ ముందున్న చిన్న మెట్టు మీద కదలకుండా ఆనిస్తాడు, ఎడమ చేత్తో తుపాకీ గొట్టాన్ని ముందుకు నెడుతూ ఉంటాడు. మొదటి తూటా పేలిన అదురుకు తుపాకీ వెనక్కి జరుగుతుంది, ట్రిగ్గర్ వేలి నుంచి విడివడుతుంది. ఎడమ చేతి ఒత్తిడికి తుపాకీ మళ్లీ ముందుకొచ్చి, కదలని వేలికి ట్రిగ్గర్ తనే వచ్చి తగులుతుంది, తూటా పేలుతుంది. తూటాలు అయ్యేదాకానో, చేతి పట్టు సడలేదాకానో ఇదే సాగుతుంది. నిమిషానికి 400 నుంచి 800 తూటాల వేగం వస్తుంది కాబట్టి చెవికి అది మెషిన్ గన్ మోతే. ట్రిగ్గర్ మాత్రం ప్రతి తూటాకూ ఒకసారి కదులుతూనే ఉంది. రబ్బరు బ్యాండుతోనో, ప్యాంటు నడుముకుండే బెల్టు లూపులో బొటనవేలు దూర్చో ఇదే విద్యను ప్రదర్శించేవాళ్లున్నారు. పరికరం చేసిందల్లా ఆ విద్యను అందరికీ సులువు చేయడమే.

ఇక 1934కు వెళ్దాం. 1929 ఫిబ్రవరి 14న చికాగోలోని ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు వరుసగా నిలబెట్టి థాంప్సన్ సబ్‌మెషిన్ గన్‌లతో కాల్చి చంపారు. మద్యనిషేధ కాలపు ముఠాల పోరులో ఆ ఆయుధం అప్పటికే పేరుమోసింది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్‌గా ఉన్న హోమర్ కమ్మింగ్స్, ఫెడరల్ ప్రభుత్వానికి నేరుగా నిషేధించే పోలీసు అధికారం లేదన్న అభిప్రాయంతో పన్ను మార్గం ఎంచుకున్నాడు. మెషిన్ గన్ చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్ల పన్ను కట్టాలి, పేరు నమోదు చేయించుకోవాలి. ఆ రోజుల్లో అది ఇంచుమించు ఆ తుపాకీ ధరంత సొమ్ము.

మెషిన్ గన్ అంటే ఏమిటి? బిల్లు తొలి ముసాయిదాలో లెక్క వేరుగా ఉంది. మళ్లీ నింపకుండా పన్నెండు లేదా అంతకు మించి తూటాలు కాల్చగలిగిన ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కి ఉంచితే వరసగా పేలేవి), సెమీ ఆటోమేటిక్ (ప్రతి తూటాకూ విడిగా నొక్కాల్సినవి) ఆయుధాలన్నీ దాని కిందికి వచ్చేవి. ఆ ముసాయిదాను సభా సంఘం విచారిస్తున్నప్పుడు అభ్యంతరం చెప్పినవాడు నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్. ఎన్ని తూటాలు పడతాయన్నది అసలు లక్షణం కాదనీ, ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే తూటాలున్నంతసేపూ పేలుతూనే ఉండటమే మెషిన్ గన్ గుణమనీ, ప్రతి తూటాకూ విడిగా నొక్కాల్సిన తుపాకీ ఆ కోవకు రాదనీ ఆయన చెప్పాడు. సంఘానికి అది సబబుగానే తోచింది. ట్రిగ్గర్ ఒకే ఒక్క చర్యతో ఒకటికి మించి తూటాలు వెలువడాలన్న షరతు చట్టంలోకి అలా వచ్చింది. 1934 జూన్ 26న రూజ్‌వెల్ట్ దానిపై సంతకం చేశాడు. తొంభై ఏళ్ల తర్వాత బంప్ స్టాక్‌ను కాపాడిన పదాలకు మూలం ఆ రోజు ఆయుధ యజమానుల సంఘం నాయకుడు ఇచ్చిన వాంగ్మూలమే. అందులో కుట్రేమీ లేదు. ఉన్న తుపాకులను చూసి రాసిన నిర్వచనం, పుట్టబోయే పరికరాలను ఊహించలేకపోయింది, అంతే.

మన దేశపు చట్టం కూడా ట్రిగ్గర్‌నే ఆసరాగా తీసుకుంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ట్రిగ్గర్ మీద ఒత్తిడి ఉన్నంతవరకు, లేదా తూటాలు అయిపోయేవరకు పేలుతూనే ఉండేలా తయారు చేసిన లేదా మార్చిన తుపాకీ నిషిద్ధ ఆయుధం. మన దగ్గర ఈ మాటల మీద అంత రగడ జరగకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ ఆయుధం హక్కు కాదు, లైసెన్సు మీద దొరికే వెసులుబాటు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ తేడా కాగితం మీది విషయం కాదు. 2023 మేలో టెక్సాస్‌లోని ఆలెన్ షాపింగ్ కేంద్రంలో జరిగిన కాల్పుల్లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక యువ తెలుగు ఇంజనీరు ఉంది. అక్కడ వాడింది బంప్ స్టాక్ కాదు గానీ, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ చర్చ డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలోకి అలా వచ్చింది.

కెనెడీ సోదరుల, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల నేపథ్యంలో 1968లో వచ్చిన చట్టం, మెషిన్ గన్‌గా మార్చే విడిభాగాలను సైతం మెషిన్ గన్ కిందే లెక్కగట్టింది. 1986లో వచ్చిన చట్టం చిత్రమైనది. ఆయుధ యజమానులకు ఊరట కలిగించాలని తెచ్చిన ఆ బిల్లులో, న్యూజెర్సీ ప్రతినిధి విలియం హ్యూస్ ప్రతిపాదించిన సవరణ చేరింది. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్‌లను సాధారణ పౌరులు ఉంచుకోకూడదన్నది దాని సారం. అంతకుముందు నమోదైనవి మాత్రం చలామణిలో ఉండవచ్చు. సరుకు పెరగదు, కోరేవాళ్లు తగ్గరు, కనుక పాత మెషిన్ గన్‌ల ధర పదుల వేల డాలర్లకు చేరింది. వంద డాలర్ల నుంచే దొరికే బంప్ స్టాక్‌కు గిరాకీ పుట్టింది ఈ కొరతలోనే అని నా అభిప్రాయం.

ఈ కోవలో మొదట పేరు వినిపించింది ఫ్లోరిడాకు చెందిన విలియం ఎకిన్స్ రూపొందించిన ఎకిన్స్ యాక్సిలరేటర్. అందులో తుపాకీని ముందుకు నెట్టే పని స్ప్రింగుది. తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ మొదట దానికి అభ్యంతరం చెప్పలేదు. 2006లో మనసు మార్చుకుని, స్ప్రింగు ఉంది కాబట్టి అది మెషిన్ గనే అని తేల్చింది. అప్పుడు టెక్సాస్‌లో స్లైడ్ ఫైర్ అనే కంపెనీ స్ప్రింగు తీసేసి, ఆ పనిని మనిషి ఎడమ చేతికి అప్పగించింది. చేతుల కదలిక సరిగా లేనివారికి సాయంగా ఉంటుందని చెప్పుకుంటూ నమూనాను పంపింది. తనంత తానుగా పనిచేసే యంత్రభాగాలూ స్ప్రింగులూ లేవు కనుక ఇది తుపాకీ విడిభాగం మాత్రమేననీ, తమ నియంత్రణలోకి రాదనీ 2010లో ఏటీఎఫ్ లేఖ ఇచ్చింది. కొనుగోలుదారులకు భరోసాగా ఆ లేఖ నకలును సరుకుతో పాటే పంపేవారు. మొత్తమ్మీద వేర్వేరు ప్రభుత్వాల కాలంలో ఏటీఎఫ్ ఇదే మాటను పదిసార్లకు పైగా చెప్పింది.

2017 అక్టోబర్ 1 రాత్రి లాస్ వేగస్‌లో మాండలే బే హోటల్ 32వ అంతస్తు కిటికీలోంచి ఒక వ్యక్తి, కింద మైదానంలో జరుగుతున్న సంగీతోత్సవం మీద కాల్పులు జరిపాడు. పది నిమిషాల వ్యవధిలో వెయ్యికి పైగా తూటాలు పేలాయి. గాయాలతో తర్వాతి సంవత్సరాల్లో మరణించిన ఇద్దరితో కలిపి 60 మంది ప్రాణాలు కోల్పోయారు, వందల మంది గాయపడ్డారు. అతని గదిలో దొరికిన రైఫిళ్లలో చాలావాటికి బంప్ స్టాక్‌లు అమర్చి ఉన్నాయి. అప్పటిదాకా తుపాకీ అభిమానుల్లోనే ఎక్కువమంది కాలక్షేపపు వస్తువుగా తీసిపారేసిన పరికరం పేరు రాత్రికి రాత్రే దేశమంతా మారుమోగింది.

నాలుగు రోజుల్లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఒక ప్రకటన చేసింది. సెమీ ఆటోమేటిక్ తుపాకీని ఆటోమేటిక్‌లా పనిచేయించే పరికరాలకు అదనపు నియంత్రణ ఉండాలని అంటూనే, ఆ పని ఏటీఎఫ్ చేయాలని కోరింది. నియంత్రణకు ఒప్పుకోవడం అందరికీ కనిపించింది గానీ, చట్టసభను కాదని ఏటీఎఫ్ వైపు చూపడంలోనే అసలు మెలిక ఉంది. సభలో ఓటింగ్ జరిగితే ప్రతి సభ్యుడూ తన పేరున నిలబడాలి. సంస్థ నిబంధన తెస్తే ఆ బెడద ఉండదు. చట్టం మార్చకుండా ఏటీఎఫ్ చేత నిషేధం పెట్టిస్తే అది ఏళ్ల తరబడి కోర్టుల్లో నలుగుతుందని, బంప్ స్టాక్ నిషేధం కోసం బిల్లు పెట్టిన సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ స్వయంగా హెచ్చరించారు. చివరకు థామస్ తీర్పులో ఆ హెచ్చరికకూ చోటు దక్కింది.

బిల్లులు రాలేదని కాదు, వచ్చాయి. వాటిలో చిక్కు మళ్లీ మాటల దగ్గరే. కాల్పుల వేగాన్ని పెంచే పరికరం ఏదైనా నిషిద్ధమని రాస్తే, పోటీల్లో పాల్గొనేవారు అమర్చుకునే తేలికపాటి ట్రిగ్గర్లూ స్ప్రింగులూ కూడా అందులో పడతాయని ఆయుధ హక్కుల పక్షం వాదించింది. ఈ అభ్యంతరాన్ని వట్టి సాకుగా కొట్టిపారేయలేం. సెమీ ఆటోమేటిక్ తుపాకీకి నిర్ణీత వేగమంటూ లేదు, వేలి వేగమే దాని వేగం. అయితే పేరు పెట్టి బంప్ స్టాక్‌ను నిషేధించడానికి ఆ ఇబ్బంది కూడా లేదు, అయినా అమెరికా చట్టసభ కాంగ్రెస్ అలాంటి చట్టం చేయలేదు.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది హతమయ్యారు. అక్కడ బంప్ స్టాక్ వాడలేదు. ఏదో ఒకటి చేయాలన్న ఒత్తిడిలో మాత్రం, ఆరు రోజులకే అధ్యక్షుడు ట్రంప్ ఈ పరికరాల నిషేధానికి నిబంధన తెమ్మని న్యాయశాఖను ఆదేశించారు. 2018 డిసెంబర్‌లో వెలువడిన తుది నిబంధన 2019 మార్చి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ట్రిగ్గర్ చర్య అంటే మనిషి వేలితో నొక్కడం అని కొత్త అర్థం చెప్పి, ఏటీఎఫ్ తన పాత లేఖలను తనే వెనక్కి తీసుకుంది. జనం చేతుల్లో 2,80,000 నుంచి 5,20,000 దాకా పరికరాలు ఉంటాయని ప్రభుత్వ అంచనా. వాటిని ధ్వంసం చేయాలి, లేదా అప్పగించాలి. నష్టపరిహారం లేదు. ఉంచుకుంటే పదేళ్ల దాకా జైలు. ప్రభుత్వ లేఖ చూసి కొన్నవారు అదే ప్రభుత్వం దృష్టిలో నేరస్థులయ్యే పరిస్థితి. నిషేధాన్ని సమర్థించేవారు ఈ అన్యాయం గురించి పెద్దగా మాట్లాడలేదు.

ఆస్టిన్ నగరంలో తుపాకుల దుకాణం నడిపే మైకేల్ కార్గిల్ తన రెండు బంప్ స్టాక్‌లను అప్పగించి దావా వేశాడు. కింది కోర్టులో ఓడినా, 2023 జనవరిలో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు విస్తృత ధర్మాసనం ముందు గెలిచాడు. నిషేధాన్ని సమర్థించిన అప్పీలు కోర్టులూ ఉండటంతో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2024 ఫిబ్రవరి 28 నాటి వాదనల్లో జస్టిస్ ఏమీ కోనీ బ్యారెట్ ప్రభుత్వ న్యాయవాదితో, సహజంగా ఆలోచిస్తే మీ వాదన నాకు నచ్చుతోంది, మరి కాంగ్రెస్ స్పష్టంగా చట్టం ఎందుకు చేయలేదన్నదే ప్రశ్న అన్న ధోరణిలో మాట్లాడారు. తీర్పు ఎటు పోతుందో ఆ మాటలోనే సూచనగా తెలిసింది.

అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ సోనియా సోటోమయోర్ దాన్ని కోర్టులో చదివి వినిపించారు. బాతులా నడిచి, బాతులా ఈది, బాతులా అరిచే పక్షిని నేను బాతనే అంటాను అన్నది అందులో అందరికీ గుర్తుండిపోయిన వాక్యం. చట్టంలోని చర్యను మనిషి చేసే పనిగా చూడాలి, ఒకసారి నొక్కి ముందుకు నెడుతూ ఉంటే తుపాకీ మిగతాది చూసుకుంటుంది అని ఆమె వాదన. థామస్ చూసింది ట్రిగ్గర్ ఏం చేస్తోందని, సోటోమయోర్ చూసింది మనిషి ఏం చేస్తున్నాడని. చట్టం అక్షరం ప్రకారం థామస్ బొమ్మల్లో తప్పు పట్టడం కష్టం. 1934లో ఆ చట్టం దేన్ని ఆపదలచిందో గుర్తుంచుకుంటే సోటోమయోర్ మాట కాదనడమూ అంతే కష్టం. మెజారిటీతో ఏకీభవిస్తూనే విడిగా రాసిన జస్టిస్ ఆలిటో, లాస్ వేగస్ ఘటన చట్టం మార్చాల్సిన అవసరాన్ని చాటిందే తప్ప చట్టం అర్థాన్ని మార్చలేదని, కాంగ్రెస్ సవరణ చేయవచ్చని చెప్పారు.

నాలుగు రోజుల్లోనే సెనేట్‌లో బంప్ స్టాక్ నిషేధ బిల్లును ఏకగ్రీవ ఆమోదానికి పెట్టారు. అది మరెన్నో ఉపకరణాలకు పాకుతుందంటూ నెబ్రాస్కా సెనేటర్ పీట్ రికెట్స్ అడ్డు చెప్పడంతో ఆగిపోయింది. నెవాడా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల సొంత నిషేధాలు మాత్రం తీర్పు తర్వాతా నిలిచాయి. ఈలోగా బంప్ స్టాక్ స్థానంలోకి మరో పరికరం వచ్చింది. తూటా పేలిన ప్రతిసారీ ట్రిగ్గర్‌ను బలంగా ముందుకు తోసి, వేలికి మళ్లీ నొక్కే వీలు వెంటనే కల్పించే ఫోర్స్‌డ్ రీసెట్ ట్రిగ్గర్ అది. దాన్నీ మెషిన్ గన్‌గా పరిగణించిన ఏటీఎఫ్‌కు కార్గిల్ తీర్పు తర్వాత టెక్సాస్ కోర్టులో చుక్కెదురైంది. 2025 మేలో న్యాయశాఖ తయారీ సంస్థ రేర్ బ్రీడ్‌తో రాజీ పడి, పిస్తోళ్లకు అలాంటివి తయారు చేయకూడదన్న షరతు మీద రైఫిల్ ట్రిగ్గర్ల అమ్మకానికి దారి విడిచింది. 1934 నాటి నిర్వచనంలో ట్రిగ్గర్ మాట ఇప్పటికీ అలాగే ఉంది.