ఊరి హక్కు ఎవరిది? అమెరికా స్వతంత్ర బేస్‌బాల్ లీగుల పుట్టుపూర్వోత్తరాలు

2024 జూన్ 6న టీ20 ప్రపంచకప్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించిన గ్రాండ్ ప్రెయిరీ మైదానం డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు బాగా పరిచయం. 2008లో దాన్ని కట్టించింది మాత్రం క్రికెట్ కోసం కాదు. ఎయిర్‌హాగ్స్ అనే స్వతంత్ర బేస్‌బాల్ జట్టు పన్నెండేళ్ళపాటు అక్కడ ఆడింది. 2011లో అమెరికన్ అసోసియేషన్ అనే స్వతంత్ర లీగ్ టైటిల్ గెలిచింది, 2020లో మూతపడింది. స్టేడియం ఊరిది, జట్టు అద్దెకు ఉండేది. ఒకరు ఖాళీ చేశారు, ఇంకొకరు దిగారు. స్వతంత్ర లీగులు నడిపేవాళ్ళ చరిత్ర చాలావరకు ఇలాగే ఊరు, అద్దె అనే రెండు మాటల చుట్టూ తిరుగుతుంది.

ముందు 'స్వతంత్ర' అంటే ఏమిటో చూద్దాం. మామూలు మైనర్ లీగ్ (కింది స్థాయి) క్లబ్‌కు పైన ఒక మేజర్ లీగ్ (అన్నిటికన్నా పై స్థాయి) జట్టు ఉంటుంది. ఆటగాళ్ళకూ కోచ్‌లకూ జీతాలిచ్చేది ఆ పై జట్టే, ఎవర్ని ఎప్పుడు ఆడించాలో చెప్పేదీ అదే. కింది క్లబ్ టికెట్లు అమ్ముకుంటుంది, మైదానం చూసుకుంటుంది. స్వతంత్ర క్లబ్‌కు ఆ పెద్ద దిక్కు లేదు. జీతాలు, బస్సులు, హోటళ్ళు, బంతులు, ఆటగాళ్ళ గాయాల బీమా అన్నీ సొంత జేబులోంచే. బదులుగా జట్టు మీద పూర్తి అధికారం దక్కుతుంది.

ఈ విభజనకు మూలం 1901లో ఉంది. ఆ సెప్టెంబరులో షికాగోలో మైనర్ లీగుల పెద్దలు కలిసి నేషనల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1903లో మేజర్ లీగులతో ఒప్పందం కుదిరింది. ఒకరి ఆటగాడిని మరొకరు ఎత్తుకుపోకూడదు, ఒకరి ఊళ్ళో మరొకరు జట్టు పెట్టకూడదు. ఒప్పందంలో చేరనివాళ్ళకు 'అవుట్‌లా' అని పేరు పెట్టారు. మనవాళ్ళకు ఇది కొత్త కాదు. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరినవాళ్ళను బీసీసీఐ వెలివేసినప్పుడు, హైదరాబాద్ హీరోస్‌కు ఆడిన అంబటి రాయుడు 2009లో క్షమాభిక్ష వచ్చేదాకా బయటే ఉండాల్సి వచ్చింది. తేడా ఏమిటంటే, అమెరికాలో ఈ కట్టడికి కోర్టు అండ కూడా దొరికింది. మేజర్ లీగులకు పోటీగా వచ్చిన ఫెడరల్ లీగ్ గొడవలోంచి పుట్టిన కేసులో, బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని 1922లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

1949లో మైనర్ లీగులు 59. ఆ ఏడాది టికెట్ కొని చూసినవాళ్ళు దాదాపు 4 కోట్లు. ఆ తర్వాత టీవీ వచ్చింది, మేజర్ లీగ్ ఆటలు ఇంట్లోనే కనబడసాగాయి. పదిహేనేళ్ళు తిరిగేసరికి లీగులు ఇరవై కూడా మిగల్లేదు. మిగిలినవి దాదాపు పూర్తిగా మేజర్ జట్ల ఖర్చు మీదే బతికాయి.

ఆ కాలంలో కట్టు దాటినవాడు బింగ్ రస్సెల్. పై స్థాయి జట్టు వదిలి వెళ్ళిపోయిన పోర్ట్‌లాండ్‌లో 1973లో మావెరిక్స్ అనే స్వతంత్ర జట్టు పెట్టాడు. అందరూ పొమ్మన్న ఆటగాళ్ళతోనే జనాన్ని రప్పించాడు. ఊరు మళ్ళీ గిట్టుబాటు అయ్యేసరికి 1977లో పై స్థాయి మైనర్ లీగ్ అయిన పసిఫిక్ కోస్ట్ లీగ్ దాన్ని తిరిగి కావాలంది. నిబంధనల ప్రకారం పై స్థాయి లీగ్ అడిగితే కింది స్థాయి జట్టు తప్పుకోవాల్సిందే, తేలాల్సింది పరిహారం ఒక్కటే. రస్సెల్ మధ్యవర్తి దగ్గరికి వెళ్ళి 2,06,000 డాలర్లు రాబట్టాడు. జట్టు మాత్రం దక్కలేదు.

అసలు తలుపు తెరిచింది మేజర్, మైనర్ లీగుల మధ్య 1990 ఒప్పందం, అదీ అనుకోకుండా. మేజర్ లీగులు కొత్త స్టేడియం ప్రమాణాలు పెట్టాయి. క్లబ్‌హౌస్ వైశాల్యం నుంచి ఫ్లడ్‌లైట్ల వెలుగు దాకా అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. ఆ ఖర్చు భరించలేని పాత మైదానాలున్న ఊళ్ళు వరుసలోంచి తప్పుకున్నాయి. మైదానం ఉంది, లైట్లున్నాయి, చూసే జనం ఉన్నారు, జట్టే లేదు. దీన్ని సరిగ్గా చదివినవాడు మైల్స్ వుల్ఫ్. 1979లో డర్హమ్ బుల్స్ ఫ్రాంచైజీని 2,417 డాలర్లకు కొని, పదేళ్ళు దాటాక దాదాపు 40 లక్షలకు అమ్మిన మనిషి. ఖాళీ మైదానం విలువ ఆయనకు వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు.

1993లో వుల్ఫ్ నార్తర్న్ లీగ్ ఆరు జట్లతో, 72 ఆటలతో మొదలైంది: సెయింట్ పాల్, సూ సిటీ, సూ ఫాల్స్, డులూత్, రోచెస్టర్, కెనడాలోని థండర్ బే. సెయింట్ పాల్ ఎంపికలోనే కిటుకంతా ఉంది. పక్కనే మినియాపోలిస్‌లో మేజర్ లీగ్ జట్టు ట్విన్స్ ఉన్నారు కాబట్టి ఒప్పందంలో ఉన్న జట్టేదీ అక్కడ కాలు పెట్టలేదు. ఒప్పందంలో లేనివాణ్ణి ఆపేవాళ్ళు లేరు. ట్విన్స్ ఆడేది పైకప్పు కింద. మైక్ వీక్, మార్విన్ గోల్డ్‌క్లాంగ్ నడిపిన సెయింట్స్ ఆడేది ఆరుబయట, రైలు పట్టాల పక్కన. టికెట్లు అయిపోతూ వచ్చాయి. అదే ఏడాది ఒహాయో పరిసరాల్లో ఫ్రాంటియర్ లీగ్ కూడా మొదలైంది.

అట్లాంటిక్ లీగ్‌ది ఇంకా సూటి కథ. వాల్ స్ట్రీట్ బాండ్ల వ్యాపారి ఫ్రాంక్ బోల్టన్ లాంగ్ ఐలాండ్‌కు మైనర్ లీగ్ జట్టును తేవాలనుకున్నాడు. ఆ ప్రాంతం తమదని మేజర్ లీగ్ జట్టు న్యూయార్క్ మెట్స్ అడ్డుపడ్డారు. ఆయన జట్టు తేవడం మానేసి ఏకంగా లీగే పెట్టాడు. 1998లో ఆటలు మొదలయ్యాయి, 2000లో లాంగ్ ఐలాండ్ డక్స్ జట్టు వచ్చేసింది. ఆటగాళ్ళ వ్యవహారాలు చూడడానికి మేజర్ లీగుల్లో జనరల్ మేనేజర్‌గా చేసిన జో క్లైన్‌ను తెచ్చుకున్నాడు. మాజీ మేజర్ లీగ్ ఆటగాళ్ళు ఎక్కువగా ఇటే రావడంలో క్లైన్ ఫోన్ పరిచయాలది పెద్ద చెయ్యి.

లీగ్ ఆఫీసు పని బయటికి కనబడేంత వైభోగం కాదు. మొదటి పని డబ్బు పూచీ. ప్రతి యజమాని దగ్గరా బ్యాంకు గ్యారంటీ తీసుకుంటారు. సీజన్ మధ్యలో క్లబ్ చేతులెత్తేస్తే ఆ డబ్బుతో జీతాలూ బస్సు బిల్లులూ కట్టి షెడ్యూలు పూర్తి చేస్తారు. ఎందుకంటే ఒక జట్టు మాయమైతే మిగతా క్లబ్బులు సొంత మైదానంలో టికెట్లు అమ్ముకునే రోజులు పోతాయి. చిక్కు ఎక్కడంటే, సీజన్ టికెట్లూ స్పాన్సర్ల డబ్బూ చలికాలంలోనే వచ్చేస్తాయి, ఖర్చు వేసవి పొడుగునా ఉంటుంది. అనుభవం లేని యజమాని ఏప్రిల్‌లోపే చేతిలో డబ్బు తినేస్తాడు. వానకు నాలుగు వారాంతాలు కొట్టుకుపోతే ఇక కోలుకోడు.

రెండో పని సరి సంఖ్య. ఏడు జట్లుంటే రోజూ ఒకటి ఖాళీగా కూర్చోవాలి, దాని హోటల్ ఖర్చు ఆగదు. అందుకే ఊరు లేని జట్టును లీగే నడిపిస్తుంది. 2017 తర్వాత కనెటికట్‌లో బ్రిడ్జ్‌పోర్ట్ బ్లూఫిష్ మైదానాన్ని ఊరు కచేరీల వేదికగా మార్చింది. వాళ్ళ ఫ్రాంచైజీ వెళ్ళాల్సిన నార్త్ కరోలినాలోని హై పాయింట్‌లో స్టేడియం 2019 దాకా సిద్ధం కాలేదు. మధ్యలో 2018 సీజన్ అంతా 'రోడ్ వారియర్స్' 126 ఆటలూ పరాయి ఊళ్ళలోనే ఆడింది. ఆ జట్టుకు గేటు ఆదాయం సున్నా, ఖర్చు మిగతా క్లబ్బులు పంచుకున్నట్టే.

మూడోది ఆటగాళ్ళు. మార్చి ఆఖరుకు మేజర్ జట్ల శిక్షణ శిబిరాల నుంచి వందలమందిని తీసేస్తారు. స్వతంత్ర లీగులు ఏప్రిల్ చివర, మే నెలలో మొదలయ్యేది అందుకే. జీతాలకు పరిమితి ఉంటుంది. అట్లాంటిక్ లీగ్‌లో చాలాకాలం నెలకు 3,000 డాలర్లు దాటలేదు. అందులో మాజీ మేజర్ ఆటగాడికీ మినహాయింపు లేదు. చాలా లీగులు అనుభవాన్ని బట్టి తరగతులు పెట్టి, ఇంతమంది కొత్తవాళ్ళు ఉండి తీరాలంటాయి. లేకపోతే డబ్బున్న యజమాని పాతకాపులతో జట్టు నింపేస్తాడు. యువ ఆటగాళ్ళకు గది అద్దె గిట్టదు కాబట్టి ఊళ్ళోని కుటుంబాలు తమ ఇళ్ళలో పెట్టుకుంటాయి. పై జట్టు అడిగితే కాంట్రాక్టు అమ్మేస్తారు. 2007లో చికో అవుట్‌లాస్ నుంచి డేనియల్ నావాను బోస్టన్ తొలి విడతగా 1 డాలరుకు తీసుకుంది. 2010లో అతను మేజర్ లీగ్‌లో ఎదుర్కొన్న మొదటి బంతినే గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకు నాలుగు పరుగులు) కొట్టాడు.

కొన్నిసార్లు ఈ లీగులు పైవాళ్ళ మెడకే చుట్టుకున్నాయి. 1997 డ్రాఫ్ట్‌లో (మేజర్ జట్లు కొత్త అమెచ్యూర్ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) ఫిలడెల్ఫియా ఎంచుకున్న జె.డి. డ్రూ, ఇవ్వజూపిన డబ్బు చాలదని సెయింట్ పాల్‌లో ఆడాడు. తనిక అమెచ్యూర్ కాదు కాబట్టి డ్రాఫ్ట్ వర్తించదని వాదించాడు. మేజర్ లీగులు నిబంధన మాటలే మార్చుకున్నాయి. డ్రూ 1998లో మళ్ళీ డ్రాఫ్ట్‌లోకి రాక తప్పలేదు.

కమిషనర్ల బలహీనత వేరే చోట ఉంది. జరిమానా వేయాల్సింది యజమానులకే, జీతమిచ్చేదీ వాళ్ళే. నచ్చకపోతే జట్లు మూకుమ్మడిగా లేచిపోతాయి. 2005 సీజన్ ముగిశాక సెయింట్ పాల్, లింకన్, సూ సిటీ, సూ ఫాల్స్ నార్తర్న్ లీగ్‌ను వదిలి కొత్త అమెరికన్ అసోసియేషన్‌లో చేరాయి. ఆ కొత్త లీగ్ కమిషనర్ ఎవరనుకున్నారు? మైల్స్ వుల్ఫే. 2010 తర్వాత విన్నిపెగ్, ఫార్గో, గ్యారీ, కాన్సస్ సిటీ కూడా అటే వెళ్ళాయి. నార్తర్న్ లీగ్ పేరు అక్కడితో చెరిగిపోయింది.

2019లో అట్లాంటిక్ లీగ్ మేజర్ లీగులకు ప్రయోగశాలగా మారింది. డబ్బూ సాంకేతికతా అటునుంచి, మైదానాలూ ఆటగాళ్ళూ ఇటునుంచి. బేసుల (పరుగు తీసేవాడు తాకాల్సిన దిళ్ళు) వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, ఫీల్డింగ్ షిఫ్టులకు, అంటే ఫీల్డర్లు ఒకవైపే గుమిగూడడానికి, హద్దు పెట్టారు. ఈ రెండూ 2023లో మేజర్ లీగులకు వెళ్ళాయి. జూలై 10న పెన్సిల్వేనియాలోని యార్క్‌లో ఆల్‌స్టార్ ఆటకు అంపైర్ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రాడార్ చెప్పిన ప్రకారం బంతి జోన్‌లోంచి (బ్యాటర్ ఆడగలిగే హద్దు) వెళితే స్ట్రైక్ అనీ, లేకపోతే బాల్ అనీ పిలిచాడు. జోన్ అంచును గీరుకుంటూ వెళ్ళి నేలకు దగ్గరగా క్యాచర్ అందుకున్న కర్వ్ బంతుల్ని కూడా యంత్రం స్ట్రైక్ అంది. నియమాల పుస్తకం ప్రకారం అది సరే, బ్యాటర్లు మాత్రం మండిపడ్డారు. 2021లో పిచ్చర్ నిలబడే చోటును ఒక అడుగు వెనక్కి జరిపి చూశారు. అది పైకి పోలేదు.

2020 సెప్టెంబరులో పాత ఒప్పందం గడువు ముగిసింది. మేజర్ లీగులు అనుబంధ క్లబ్బులను 160 నుంచి 120కి తగ్గించాయి. అట్లాంటిక్, ఫ్రాంటియర్, అమెరికన్ అసోసియేషన్లకు 'భాగస్వామ్య లీగ్' హోదా ఇచ్చాయి. అదే ఊపులో స్వతంత్ర లీగుల్లో గట్టి ఊళ్ళు మూడింటిని పైకి లాక్కున్నాయి: సెయింట్ పాల్ ట్విన్స్‌కు, షుగర్ ల్యాండ్ హ్యూస్టన్‌కు, సోమర్‌సెట్ యాంకీస్‌కు. పైవాళ్ళు కోసేసిన లెక్సింగ్టన్, చార్ల్‌స్టన్ 2021లో అట్లాంటిక్ లీగ్‌కు వచ్చాయి. 1993లో ఒప్పందంలో ఉన్నవాళ్ళెవరూ కాలు పెట్టలేని సెయింట్ పాల్ ఇప్పుడు ట్విన్స్ కింద మొదటి మెట్టు, ట్రిపుల్-ఎ జట్టు.