ఖరీదైన గ్రాఫ్ట్ వేస్తే సంక్రాంతికి కబడ్డీ ఆడొచ్చా?

గుంటూరు కొత్తపేటలో నా ఓపీకి ఎంఆర్‌ఐ కవరు చంకలో పెట్టుకొని వచ్చే ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) తెగిన కేసుల్లో ఎక్కువమంది అడిగేది ఒకటే: "డబ్బుల సంగతి వదిలేయండి సార్, తొందరగా సెట్టయ్యే గ్రాఫ్ట్ వేయండి." తెగిన లిగమెంటు బదులు మోకాల్లో అమర్చే టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) ముక్కే ఈ గ్రాఫ్ట్.

అపోహ: మంచి గ్రాఫ్ట్ పడితే మూడు నెలల్లో గ్రౌండ్‌లోకి దిగొచ్చు.

వాస్తవం: అలాంటి గ్రాఫ్ట్ లేదు. ఎక్కణ్నుంచి తీసినా, లోపల పెట్టిన రోజున అది రక్తప్రసరణ లేని తాడుముక్క. ముందు అందులోని పాత కణాలు చచ్చిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు పాకుతాయి. ఈ మార్పు మధ్యలో, సుమారు 6 నుంచి 12 వారాల దాకా, అది బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే వాపు తగ్గి, నొప్పి పోయి, కాలు బాగైపోయిందనిపిస్తుంది. కొంప మునిగేది అక్కడే.

తెనాలి వైపు కుర్రాడొకడికి అక్టోబరులో ఆపరేషన్ చేశాను. తొడ వెనక హామ్‌స్ట్రింగ్ టెండన్ తీసి, కండ గీకేసి, నాలుగు మడతలు పెట్టి, సైజర్ రంధ్రాల్లో దూర్చి చూస్తే మందం 8.5 మిల్లీమీటర్లు. చక్కటి గ్రాఫ్ట్. సంక్రాంతి పోటీల్లో రెండో కూతకు వెళ్లి కాలు తిప్పాడు, టప్‌మంది. "నాసిరకం వేశారా బాబూ?" అని వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెనేమనగలను? తప్పు నాదీ ఉంది. తొమ్మిది నెలలు ఆడొద్దని నోటిమాటగా చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు చీటీ మీద తేదీ వేసి ఇస్తున్నాను. ఆ తేదీ వచ్చాక కూడా తొడ బలం, గెంతుడు పరీక్షలు పాసైతేనే ఆట.

ఇక మిగతావి. తొడ "నరం" తీస్తే కాలు అవిటిదవుతుందని భయం. తీసేది టెండన్, నరం జోలికి పోము. మడిచే బలం కాస్త తగ్గుతుంది, వ్యాయామంతో చాలావరకు సర్దుకుంటుంది. మోకాలిచిప్ప కింది టెండన్‌కి రెండు చివరలా ఎముక ముక్కలుంటాయి కాబట్టి త్వరగా అతుక్కుంటుంది. కానీ మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి రావచ్చు. నమాజు చేసేవాళ్లకీ, టైల్స్ పనివాళ్లకీ అది వేసేముందు నేను రెండుసార్లు ఆలోచిస్తా. దాత నుంచి తీసిన గ్రాఫ్ట్ ఖరీదెక్కువే. అయినా ఆటలాడే కుర్రాళ్లలో మళ్లీ తెగేది కూడా అదే ఎక్కువ. 1980ల్లో వేసిన కార్బన్ ఫైబర్, డేక్రాన్ లాంటి కృత్రిమ తాళ్లు లోపల అరిగి మోకాళ్లను వాపెక్కించాయి. వాట్సాప్‌లో వచ్చే "జీవితకాలం గ్యారంటీ" మాటలు నా దగ్గరకు తేకండి.

ఆ కుర్రాడికి జూన్‌లో మళ్లీ చేశాం, ఈసారి చిప్ప కింది టెండన్‌తో. తర్వాతి సంక్రాంతికి కూడా వాళ్ల ఊరి కోర్టు దగ్గరికి వెళ్లాడట. మైకు పట్టుకొని స్కోరు చెప్పాడు.