కిడ్నీలో జల్లెడలు ఎన్ని?

మన కిడ్నీలో రక్తాన్ని వడకట్టేవి గ్లోమెరులస్‌లు. సన్నటి రక్తనాళాలు ఉండచుట్టుకున్నట్టు ఉండే ఇవి ఒక్కోటి మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటాయి. ఒక్కో కిడ్నీలో లక్షల్లో ఉంటాయి కాబట్టి అన్నీ లెక్కపెట్టడం అయ్యే పని కాదు.

పల్చటి పొర ఒకటి కోసి, మైక్రోస్కోప్ కింద కనిపించినవి లెక్కేసి హెచ్చవేస్తే చాలదా? చాలదు. కన్ను ఎప్పుడూ నిండుగా కనిపించే చోటికే పోతుంది. గ్లోమెరులస్‌లేమో కిడ్నీ పైభాగమైన కార్టెక్స్‌లోనే ఉంటాయి, లోపలి మెడుల్లాలో ఉండవు. అందుకే చోటు ఎంచుకునే పని మనిషికి వదలకూడదు. కిడ్నీ మొత్తాన్నీ పొరలుగా కోసి, నూటికొకటి చూద్దామనుకుంటే, ముందు 1 నుంచి 100 లోపు ఒక అంకెకు చీటీ తీస్తారు. 37 వచ్చిందనుకోండి, ఇక 37, 137, 237... అలా చివరిదాకా. స్లైడ్ మీద కూడా అంతే, సమాన దూరాల్లో ఆగి చూస్తారు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) మందంతో కోస్తే ఒకే గ్లోమెరులస్ దాదాపు 20 పొరల్లో కనిపిస్తుంది. పెద్దదైతే ఇంకా ఎక్కువ పొరల్లో తగిలి లెక్కను పెంచేస్తుంది. దీనికి విరుగుడు 1984లో డి.సి. స్టెరియో అనే కలం పేరుతో వచ్చిన పేపర్‌లో దొరికింది. ఆ పద్ధతి పేరు డైసెక్టర్. పక్కపక్క పొరలు రెండు తీసుకుని, ఒకదాంట్లో కనిపించి రెండోదాంట్లో కనిపించని వాటినే లెక్కపెట్టాలి. చిన్నదైనా పెద్దదైనా దేని అంచు అయినా ఒక్కసారే వస్తుంది కదా!

నాకు అన్నిటికన్నా నచ్చేది 1981లో గుండర్సన్, ఓస్టర్‌బీ అనే పరిశోధకులు చూపించిన విషయం. ఒక అవయవంలో 100 నుంచి 200 దాకా లెక్కపెడితే సాధారణంగా సరిపోతుంది. మనిషికీ మనిషికీ ఉండే తేడా ముందు లెక్కలో మిగిలే తప్పు చాలా చిన్నది. అదే కిడ్నీ మీద ఇంకో వారం కూర్చునే బదులు, ఇంకొకరి కిడ్నీ చూడటం మేలు.

2003లో అచ్చయిన ఒక జర్మన్ పరిశోధనలో, ప్రమాదాల్లో చనిపోయిన 20 మంది కిడ్నీలను ఇలాగే పరిశీలించారు. బీపీ లేనివాళ్లలో ఒక్కో కిడ్నీకి సుమారు 14 లక్షల గ్లోమెరులస్‌లు ఉంటే, బీపీ ఉన్నవాళ్లలో 7 లక్షలే ఉన్నాయి. పైగా ఆ 7 లక్షలూ సైజులో పెద్దవి. పాత పద్ధతిలో లెక్కపెట్టి ఉంటే అవి ఎక్కువ పొరల్లో తగిలి, ఈ తేడాలో కొంత కనపడకుండా పోయేది.