ప్రో వెర్చెల్లి: ఏడు టైటిళ్ల చిన్న ఊరి జట్టు గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

క్రీడల పేజీలో ఇటలీ ఫుట్‌బాల్ గురించి ఎప్పుడు రాసినా పాఠకుల నుంచి నాకు ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది: "వరిపొలాలు తప్ప ఏమీ లేని ఊరి జట్టు ఏడుసార్లు దేశ ఛాంపియన్ అయిందట, నిజమేనా?" నిజమే. 1908, 1909, 1911, 1912, 1913, 1921, 1922. రోమాకు మూడు టైటిళ్లు, నాపోలికి 2025 వరకు నాలుగు. రెండు మహానగరాల లెక్కా కలిపితే గానీ వెర్చెల్లి లెక్కకు సరిపోదు. ఆ ఊరి జనాభా ఇప్పటికీ యాభై వేల లోపే. టురిన్‌కూ మిలాన్‌కూ మధ్య సేజియా నది ఒడ్డున ఉంటుంది. వసంతంలో మడులకు నీరు కట్టినప్పుడు చుట్టుపక్కల నేలంతా గళ్ల సముద్రంలా కనిపిస్తుందని అక్కడివారే చెప్పుకుంటారు.

లెక్కలో తేడా లేదు. దాని చుట్టూ అల్లిన కథలతోనే నాకు పేచీ.

అపోహ: "ప్రో" అంటే ప్రొఫెషనల్.

ఇంగ్లీషు అలవాటు వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఇక్కడి "ప్రో" లాటిన్ మాట, "కోసం" అని అర్థం. ప్రో వెర్చెల్లి అంటే "వెర్చెల్లి కోసం". బుస్తో అర్సీజియోలోని ప్రో పాత్రియా పేరూ అలాంటిదే. పైగా వీళ్లు టైటిళ్లు గెలిచిన కాలంలో ఆటకు డబ్బు తీసుకోవడం నిబంధనలకే విరుద్ధం.

అపోహ: 1892లో ఫుట్‌బాల్ క్లబ్‌గా పుట్టింది.

1892లో పుట్టింది వ్యాయామ సంఘం. జిమ్నాస్టిక్స్, కత్తిసాము నేర్పేవారు. బంతి 1903లో వచ్చింది. తెచ్చినవాడు కత్తిసాము చేసే మార్చెల్లో బెర్తినెత్తి. టురిన్‌లో ఒక మ్యాచ్ చూసి ఆ ఆటపై మనసు పారేసుకున్నాడు. తర్వాత 1924, 1928 ఒలింపిక్స్‌లో ఇటలీ జట్లతో స్వర్ణాలు గెలిచింది కూడా ఈయనే, కత్తి పట్టుకుని. ఈ జట్టు ఒంటి బలం గురించి వినిపించే మాటలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను. ఆటస్థలం కంటే ముందు వాళ్లకు వ్యాయామశాల ఉంది.

అపోహ: 1910లో మిలాన్ జట్టు ఇంటర్ పసిపిల్లలను మోసగించి టైటిల్ ఎగరేసుకుపోయింది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే కథ ఇది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఆ సీజన్ చివరికి రెండు జట్లకూ సమాన పాయింట్లు వచ్చాయి. గోల్స్ తేడాలో వెర్చెల్లిదే పైచేయి, కానీ తేల్చడానికి మరో మ్యాచ్ ఆడించాలని నిర్ణయించారు. తేదీ ఏప్రిల్ 24. తమ ఆటగాళ్లలో కొందరు ఆ రోజు సైనిక టోర్నీలో ఆడాల్సి ఉందని, తేదీ మార్చాలని వెర్చెల్లి కోరింది. ఇంటర్ ఒప్పుకోలేదు. దాంతో వెర్చెల్లి తన నాలుగో జట్టును, అంటే బడికి వెళ్లే పిల్లలను, మైదానంలోకి దించింది. ఫలితం 10-3. ఇంటర్ క్లబ్‌కు అదే తొలి టైటిల్.

ఇంటర్ పెద్దమనసు చూపలేదన్నది నిజం. అయితే పిల్లలను పంపాలని ఇంటర్ అడగలేదు. అది వెర్చెల్లి పెద్దలు నిరసనగా ఎంచుకున్న దారి. ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య కూడా దాన్ని నిరసనగానే చూసింది, క్లబ్‌పై నిషేధం వేసింది. తర్వాత క్షమించింది, అది వేరే సంగతి. నన్నడిగితే ఈ కథలో ఇద్దరూ మొండివాళ్లే. ఆ మధ్యాహ్నం అంత పెద్ద జట్టుకు మూడు గోల్స్ కొట్టిన పిల్లల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

అపోహ: ఇటలీ జాతీయ జట్టు మొదట తెల్ల చొక్కా వేసుకున్నది ప్రో వెర్చెల్లికి గౌరవంగా.

పై గొడవకు తేదీలు కలిపి చూడండి. ఇటలీ తొలి మ్యాచ్ 1910 మే 15న మిలాన్‌లో, ఫ్రాన్స్‌పై 6-2. పిల్లల మ్యాచ్ జరిగి మూడు వారాలే అయింది. నిషేధం కారణంగా ఆ తొలి జట్టులో వెర్చెల్లి ఆటగాడు ఒక్కడూ లేడు. వాళ్లను బయట నిలబెట్టి, వాళ్ల రంగు వేసుకుని గౌరవించారంటే నమ్మడం కష్టం. ఏ రంగన్నది అప్పటికి తేలకపోవడం వల్ల తెలుపు వేసుకున్నారు, అంతే. 1911 జనవరిలో ఇటలీని అప్పుడు ఏలుతున్న సావోయ్ రాజవంశపు నీలం వచ్చింది. అసలు గౌరవం 1913 మే 1న దక్కింది. టురిన్‌లో బెల్జియంపై ఆడిన పదకొండు మందిలో తొమ్మిది మంది వెర్చెల్లి వాళ్లే. 1-0తో గెలిపించిన గోల్ కూడా వాళ్ల గ్విదో ఆరాదే.

అపోహ: పోటీయే లేని రోజుల్లో గెలిచిన టైటిళ్లు, వాటికేం విలువ?

ఇందులో సగం నిజముంది, దాచను. 1908లో విదేశీ ఆటగాళ్లను పోటీ నుంచి పక్కన పెట్టడంతో జెనోవా, మిలాన్, టోరినో అలిగి తప్పుకున్నాయి. అందరూ ఇటాలియన్లే ఉన్న వెర్చెల్లికి అది కలిసొచ్చింది. 1922లో పెద్ద క్లబ్బులు సమాఖ్య నుంచి విడిపోయి వేరే పోటీ పెట్టుకున్నాయి. ఆ ఏడాది ఇటలీకి ఇద్దరు ఛాంపియన్లు: ఒకటి వెర్చెల్లి, రెండోది నోవేజే. దక్షిణాది జట్లతో ఫైనళ్లు ఏకపక్షంగా సాగేవి. 1913లో లాజియోపై 6-0.

మిగతా సగం కూడా చెప్పాలి కదా. 1909లో విదేశీయులున్న జట్లతోనే ఆడి నెగ్గారు. 1922లో బలమైన క్లబ్బులన్నీ ఉన్నది వెర్చెల్లి గెలిచిన పోటీలోనే. ఇక ఊరి చుట్టుపక్కల పోటీ సంగతి. వెర్చెల్లి, కసాలే, నోవారా, అలెస్సాండ్రియా పట్టణాలను కలిపి "చతుర్భుజం" అనేవారు. వెర్చెల్లి తెలుపుకు పోటీగా నల్ల చొక్కా ఎంచుకున్న కసాలే 1914లో తానే ఛాంపియన్ అయింది. పొరుగూళ్ల మధ్య అంత పంతం ఉన్నచోట పోటీ లేదనడం అన్యాయం.

అపోహ: వీళ్లు ఛాతీపై స్కుదెత్తోతో, అంటే దేశ ఛాంపియన్లు చొక్కాకు కుట్టుకునే డాలు గుర్తుతో, ఆడిన పాత ఛాంపియన్లు.

ఆ డాలు గుర్తును మొదట కుట్టుకున్నది 1924లో గెలిచిన జెనోవా. వెర్చెల్లి చివరి టైటిల్ 1922. ఏడు గెలిచి ఒక్కసారీ ఆ గుర్తు ధరించలేదు.

అపోహ: రొసెట్టాను యువెంటస్ దొంగిలించడంతో క్లబ్ కూలింది.

వర్జీనియో రొసెట్టా వెర్చెల్లిలోనే పుట్టిన డిఫెండర్, చివరి రెండు టైటిళ్ల జట్టులో ఉన్నాడు. 1923లో టురిన్ జట్టు యువెంటస్‌కు వెళ్లిపోయాడు. డబ్బు మాట ఎత్తకూడని రోజులు కాబట్టి పెద్ద రచ్చే జరిగింది. అతను ఆడిన మ్యాచ్‌ల ఫలితాలను యువెంటస్‌కు వ్యతిరేకంగా మార్చేశారు. దొంగతనం అనే మాట నాకు నచ్చదు. ఆటగాడికి బతుకుతెరువు కావాలి, ఊరి క్లబ్ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. 1926లో వియారెజ్జో ఒప్పందంతో ఆటకు డబ్బివ్వడం చట్టబద్ధమయ్యాక ఆ తేడా అందరికీ కనిపించింది. అయినా వెర్చెల్లి వెంటనే కూలలేదు. 1929లో దేశపు అగ్రశ్రేణి లీగ్ సీరీ ఎ మొదలైనప్పుడు అందులో ఉంది. సిల్వియో పియోలాను తయారుచేసింది ఆ దశలోనే.

అపోహ: పియోలా వెర్చెల్లికి టైటిళ్లు తెచ్చాడు.

వెర్చెల్లికే కాదు, ఏ క్లబ్‌కూ లీగ్ టైటిల్ తేలేదు. 1938 ప్రపంచకప్ గెలిచాడు, ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు. సీరీ ఎలో 274 గోల్స్ రికార్డు ఇప్పటికీ అతనిదే. 1933 అక్టోబర్ 29న ఫియోరెంటినాపై 7-2 గెలుపులో ఆరు గోల్స్ అతనివే. సీరీ ఎలో ఆ ఆరును అందుకున్నవాడు ఒక్క ఒమర్ సివోరీ, 1961లో యువెంటస్ తరఫున. ఆ రోజు ఎదుటి జట్టు ఏదనుకున్నారు? ఇంటర్. సమాఖ్య నిర్ణయంపై నిరసనగా కుర్రాళ్ల జట్టును దించి 9-1తో ఓడింది. వెర్చెల్లిలో ఆ వార్త చదివి ఎంతమంది నవ్వుకున్నారో ఊహించగలను.

పియోలాను 1934లో లాజియోకు అమ్మారు. మరుసటి సీజన్‌లోనే జట్టు సీరీ ఎ నుంచి పడిపోయింది, ఇప్పటిదాకా తిరిగి రాలేదు. మైదానానికి మాత్రం అతని పేరే.

అపోహ: నేటి ప్రో వెర్చెల్లి 1892 నాటి క్లబ్బే.

2010లో పాత క్లబ్ లీగ్‌లో చోటు కోల్పోయింది. అదే ఊరి మరో జట్టు ప్రో బెల్వెదేరే ఆ పేరు, ఆ తెల్ల చొక్కా తీసుకుంది. 2012లో రెండో శ్రేణి లీగ్ సీరీ బికి చేరినది ఆ జట్టే. ఆ పేరుతో ఒక జట్టు సీరీ బిలో ఆడటం 1948 తర్వాత అదే మొదలు. కాగితాల మీద ఇది వేరే క్లబ్. అయినా టైటిళ్ల పట్టిక వేసేటప్పుడు నేనూ ఆ ఏడింటినీ ఈ పేరు కిందే రాస్తాను.