బడి గుమ్మం మీది మాట: అపోహలు – వాస్తవాలు

జూన్‌లో బడి తెరిచేముందు రంగులు వేయడానికి వచ్చే పెయింటర్ ఏటా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడం, గుమ్మం పైన ఏం రాయమంటారు?" 22 ఏళ్లుగా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో పని చేస్తున్నాను, అన్నీ గోదావరి జిల్లాల్లోనే. బడి నినాదం గురించి, పిల్లలకు నేర్పే విలువల గురించి తల్లిదండ్రులూ కొత్తగా చేరిన టీచర్లూ తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్నిటిని ఒకప్పుడు నేనూ నమ్మాను.

అపోహ: నినాదం సంస్కృతంలో, గంభీరంగా ఉంటేనే బడికి గౌరవం.

వాస్తవం: కేంద్రీయ విద్యాలయాల నినాదం "తత్ త్వం పూషన్ అపావృణు". ఈశావాస్యోపనిషత్తులోది. సత్యం ముఖాన్ని బంగారు పాత్ర కప్పేసింది, ఓ సూర్యుడా, ఆ మూత తియ్యి అని వేడుకోవడం. ఒకసారి దీన్ని నాలుగో తరగతికి చెబితే, "మూత బంగారందైనా తీసి చూడాల్సిందేనా మేడం?" అని ఒక పాప అడిగింది. ఆ పాపకు నినాదం అందింది. కాబట్టి భాషతో ఇబ్బంది లేదు, విప్పి చెప్పకుండా గోడకు వదిలేయడంతోనే ఇబ్బంది.

తెలుగులో ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. మనం రోజూ అసెంబ్లీలో చెప్పించే ప్రతిజ్ఞను నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో తెలుగులోనే రాశారు. అప్పుడాయన విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారి. అది మిగతా భాషల్లోకి వెళ్లింది తర్వాతే. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! కానీ అదే ప్రతిజ్ఞలోని "బహువిధమైన" అంటే ఏమిటని మూడో తరగతిలో అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. అప్పటి నుంచి వారానికి ఒక్క వాక్యం చొప్పున తీసుకుంటున్నాం. బహువిధం వారంలో "మీ ఇంట్లో ముసలావిడను ఏమని పిలుస్తారు?" అని అడిగాను. మామ్మ, అమ్మమ్మ, నానమ్మ, నానీ, దాదీ, అన్నీ ఒక్క తరగతిలోనే వచ్చాయి. బోర్డు మీద వరసగా రాసి, బహువిధమంటే ఇదే అన్నాను. మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

అపోహ: నీతి కథ చెబితే నీతి అబ్బుతుంది.

వాస్తవం: ఏ కథ, ఎలా చెప్పామన్నదాన్ని బట్టి. పిల్లల మనస్తత్వాన్ని పరిశోధించే కాంగ్ లీ, విక్టోరియా తల్వార్, వాళ్ల సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు కథలు వినిపించి, ఆ తర్వాత వాళ్లు నిజం చెబుతారా లేదా చూశారు. మన "నాన్నా పులి" లాంటి తోడేలు కథ గానీ, అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే బొమ్మ కథ గానీ ప్రభావం చూపలేదు. తప్పు ఒప్పుకున్న కుర్రాణ్ణి తండ్రి మెచ్చుకున్న కథ విన్నవాళ్లే ఎక్కువగా నిజం చెప్పారు. భయపెట్టిన కథలు పని చేయలేదు, నిజం చెబితే ఏం జరుగుతుందో చూపిన కథ పని చేసింది.

"నాన్నా పులి" నేను మానలేదు. చివర్లో "నీతి ఏమిటి?" అని అడగడం మాత్రం మానేశాను. "నాన్న ఏం చేసి ఉంటే బాగుండేది?" అని అడుగుతున్నాను. "వాడి పక్కన కాసేపు కూర్చోవాల్సింది మేడం, ఒక్కడికే భయమేసి పిలిచాడేమో" అన్నాడు ఒకబ్బాయి. ఇన్నేళ్లలో నాకు తట్టని మాట అది.

అపోహ: రెండు తగిలిస్తేనే దారిలో ఉంటారు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 17 బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించేలా వేధించడాన్ని నిషేధించింది. 2011లో తల్వార్, లీ పశ్చిమ ఆఫ్రికాలోని ఒక దేశంలో రెండు బడుల చిన్నపిల్లల్ని పోల్చారు. ఒక బడిలో దెబ్బలు మామూలు, రెండోదాంట్లో లేవు. దెబ్బలు తినే బడి పిల్లలే ఎక్కువగా అబద్ధం చెప్పారు, పైగా దొరక్కుండా చెప్పగలిగారు.

నాకు ఈ సంగతి తెలియని రోజుల్లో, ఒక రబ్బరు పోయిందని తరగతి మొత్తం సంచులు వెతికించాను. ఒక రెండో తరగతి పిల్ల సంచిలో దొరికింది. అందరి ముందూ నిలబెట్టాను. మూడు రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. ఇప్పటికీ ఆ ముఖం గుర్తొస్తుంది. ఇప్పుడు మా బడిలో తలుపు పక్కన ఒక డబ్బా ఉంటుంది. ఎవరికి ఏది దొరికినా, ఎవరు ఏది తీసినా అందులో వేయొచ్చు. ఎవరు వేశారో అడగం. సాయంత్రానికి రబ్బర్లు వచ్చేస్తాయి.

అపోహ: మంచి పనికి స్టార్ ఇస్తే మంచి అలవాటవుతుంది.

వాస్తవం: కొన్నాళ్లు అవుతుంది, తర్వాత స్టారే పని అయిపోతుంది. కాగితం ముక్క ఏరితే స్టార్ అని పెట్టిన వారంలోనే, ఒకడు నోటుబుక్కులో కాగితం చించి కింద వేసి ఏరడం చూశాను. స్టార్ల బోర్డు తీసేశాం.

అపోహ: విలువల విద్యకు వారానికో పీరియడ్ చాలు.

వాస్తవం: మా బడిలో దీనికి అసలు గంట మధ్యాహ్న భోజనానిది. ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. 2004లో వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆ రెండో ఆదేశం ఎందుకు అవసరమైందో ఊళ్లలో పని చేసిన ప్రతి టీచరుకూ తెలుసు. పళ్లెం పట్టుకుని ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఎవరు ఎప్పుడూ చివర మిగులుతున్నారు, ఎవరు "మా అమ్మ ఇక్కడ తినొద్దంది" అంటున్నారు... ఇవి చూడకుండా గోడ మీద "సమానత్వం" అని రాయిస్తే పిల్లలు రెండు పాఠాలు నేర్చుకుంటారు, గోడది ఒకటి, వరండాది ఇంకొకటి. వాళ్లకు గుర్తుండేది వరండాదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. కోనసీమలో లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన ఇల్లాలు. ఆమె గురించి చెప్పిన రోజు నేనూ పిల్లల వరసలోనే కూర్చుని తిన్నాను. అప్పటి నుంచి టీచర్లం మేం ముగ్గురం రోజూ వేర్వేరు చోట్ల కూర్చుంటున్నాం. పిల్లలకు "కలిసి కూర్చోండి" అని ఎప్పుడూ చెప్పలేదు. ఇంటి నుంచి బాక్సు తెచ్చుకునే ఇద్దరు పిల్లలు దసరా సెలవుల నాటికి వరసలోకి వచ్చారు. ఒకరి తల్లి వచ్చి అడిగితే వంటగదిలోకి తీసుకెళ్లి కూర రుచి చూపించాను.

ఇంకొకటి చీపురు. చాలా బళ్లలో ఊడ్చేది ఆడపిల్లలే, బెంచీలు జరిపేది మగపిల్లలే, ఎవరూ చెప్పకుండానే అలా సాగిపోతుంటుంది. మా దగ్గర ఆ పనికి పేర్ల పట్టిక ఉంది, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి జంటగా. ఒక తండ్రికి కోపం వచ్చింది, మా వాడి చేత చీపురు పట్టిస్తారా అని. కూర్చోబెట్టి మాట్లాడాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. వాడు మాత్రం మంగళవారం తన వంతు వదలడు.

ఈ జూన్‌లో పెయింటర్ అడిగినప్పుడు ఐదో తరగతి పిల్లల్ని పిలిచాను. రెండు రోజులు మాట్లాడుకుని తెచ్చారు: "తప్పు చేస్తే చెబుదాం, ఒంటరిగా ఉంటే పిలుద్దాం." పెయింటర్ నిచ్చెన వేసుకుని గుమ్మం పైకి ఎక్కబోతే ఆపారు. ఒకటో తరగతి వాళ్లకు కనబడాలట. ఇప్పుడు ఆ మాట నేలకు మూడడుగుల ఎత్తులో, నీళ్ల కుళాయి పక్కన ఉంది.