వంతుకు వచ్చిన సైనికులు: ఇన్కా యుద్ధాలపై అపోహలు - వాస్తవాలు

ఈసారి జవాబు పత్రాల్లోనూ అదే వాక్యం. "168 మంది స్పెయిన్ సైనికులు తుపాకులతో లక్షలాది ఇన్కాలను ఓడించారు, ఎందుకంటే ఇన్కాలకు యుద్ధం చేతకాదు." ఇన్కాలంటే దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో సామ్రాజ్యం ఏలినవాళ్లు. డిగ్రీ పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈ వాక్యం కింద గీత గీసి గీసి ఎర్ర సిరా అయిపోయింది కానీ వాక్యం మాత్రం చావలేదు.

కిందటేడు క్లాసు అయ్యాక ఒక అమ్మాయి ఆగిపోయింది. ఫోనులో ఏదో వీడియో చూసిందట. "సార్, మంచి ఆయుధాలు లేనివాళ్లు ఎప్పటికైనా ఓడిపోవాల్సిందేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో మార్కుల బెంగ కాదు, వేరే దిగులు ఉంది. ఇలాంటి కథలను తోచినట్లు ప్రచారం చేసేవాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇందుకే. ఇది రాస్తున్నది ఆ అమ్మాయి కోసమే.

అపోహ: 168 మంది ఒక సామ్రాజ్యాన్ని జయించారు

1532 నవంబరు 16న పెరూలోని కహమార్కా ఊళ్లో స్పెయిన్ దండు నాయకుడు పిసారోతో ఉన్నవాళ్లు 168 మందే. అంతవరకు నిజం. వాళ్లలో 62 మంది రౌతులు. తుపాకులు డజనుకు మించవు. ఇన్కా రాజు అటవాల్పా ఆ సాయంత్రం పల్లకిలో, పరివారంతో వచ్చింది మాట్లాడటానికి. అతని సైన్యం ఊరి బయట విడిదిలోనే ఉండిపోయింది. మాటు వేసి రాజును పట్టుకుపోయిన ఘటనను పట్టుకుని ఒక సైన్యం సత్తాను తేల్చేస్తే ఎలా?

అప్పటికే ఆ దేశం ఇంట్లో ఇల్లు తగలబడుతోంది. వయ్నా కపాక్ చక్రవర్తి 1520లలో అంటురోగంతో పోయాడు. కొడుకులు వాస్కార్, అటవాల్పా సింహాసనం కోసం కలబడ్డారు. వాస్కార్ పక్షం వహించిన కన్యారీ జాతివాళ్లను అటవాల్పా ఊచకోత కోయించాడు. అతని సేనానులు కిస్కిస్, చల్కుచిమాక్ రాజధాని కుస్కోను పట్టుకుని ఎంతోకాలం కాకముందే పిసారో కహమార్కా చేరాడు. ఆ తర్వాత పిసారో పక్కన నడిచిందెవరు? ఇన్కాల ఏలుబడిలో ఉన్న జాతులే: కన్యారీలు, చచపోయాలు, వాంకాలు. వేల సంఖ్యలో.

ఇది నా ఊహ కాదు. 1561లో హౌహా లోయ వాంకా పెద్దలు లీమాలోని స్పెయిన్ న్యాయస్థానానికి దారాల ముడులు పట్టుకుని వెళ్లారు. అవే కీపులు, లెక్కలు దాచుకునే ముడుల తాళ్లు. ఒక్కో ముడి వేళ్లతో తడిమి చదువుతూ, మీకు ఇంతమంది మనుషుల్ని ఇచ్చాం, ఇన్ని లామాలు (బరువులు మోసే ఒంటె జాతి జంతువులు), ఇంత మొక్కజొన్న, ఇన్ని జతల చెప్పులు అని ఏడాదివారీగా లెక్క అప్పజెప్పారు. ఆ లెక్కను పక్కన పెట్టి 168 మంది గురించి రాసేవాళ్లు సగం చరిత్రను చెరిపేస్తున్నారు. లీమా శివారు పురుచుకోలో బయటపడిన శ్మశానమూ ఇదే చెబుతోంది. 1536లో ఇన్కాలు లీమాను ముట్టడించిన నాటివిగా భావిస్తున్న ఆ అస్థిపంజరాల్లో తుపాకీ దెబ్బ తిన్న పుర్రె ఉంది. అయితే స్థానికుల రాతి గదలకు చితికిన ఎముకలు అంతకన్నా ఎక్కువ.

వాంకాలు ఎందుకు అటు వెళ్లారు? ఇన్కాల కింద యుద్ధం ఎలా నడిచిందో తెలియకపోతే ఇది అర్థం కాదు.

మా తాతకు ఒక వడిసెల ఉండేది. జొన్న చేను కంకి మీద ఉన్నప్పుడు మంచె ఎక్కి పిట్టల్ని తోలేవాడు. నార తాడు, మధ్యలో రాయి పట్టే అర, ఒక కొసన వేలికి తగిలించుకునే ఉచ్చు. రెండో కొస వదిలితే రాయి బుయ్యిమని పోయేది. ఆండీస్ వరాకా అచ్చం ఇదే, నార బదులు లామా ఉన్ని. పగలు మందను మళ్లించే కాపరి యుద్ధం వస్తే దాన్నే నడుముకు చుట్టుకుని బయలుదేరేవాడు. ఇన్కా సైన్యంలో అత్యధికులు ఇలాంటి రైతులు, కాపరులే. మిటా అంటే కెచువా భాషలో వంతు. ఒక వంతు రోడ్డు పనికి, ఒక వంతు గనికి, ఒక వంతు యుద్ధానికి. పదిమందికి ఒకడు, వందకు ఒకడు, వెయ్యికి ఒకడు చొప్పున పెద్దలు లెక్క చూసి మనుషుల్ని పంపేవారు. వెళ్లినవాడి చేను ఊరివాళ్లు దున్నాలి. దారిలో అతని తిండి, బట్ట, చెప్పులు రాజ్యం చూసుకోవాలి. హౌహా పైన కొండవాలులో వెయ్యికి పైగా గరిసెలు కట్టింది ఇందుకే.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం తప్పితే చక్రవర్తికైనా మర్యాద దక్కేది కాదు. ఉత్తరాది యుద్ధాల్లో తమను సరిగ్గా చూడలేదని కుస్కో ప్రభువులు అలిగి, సూర్య ప్రతిమను ఎత్తుకుని ఇంటిదారి పట్టారట. వయ్నా కపాక్ బట్టలు, తిండి, కానుకలు పంచి బతిమాలుకోవాల్సి వచ్చిందని ఆనాటి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అన్నదమ్ముల పోరు ఈ కట్టుబాటునే తెంచింది. గరిసెలు నింపిన ఊళ్లనే సైన్యాలు తొక్కుకుంటూ పోయాయి. అప్పటికి వాంకాలకు కుస్కో పరాయిదే, పిసారో పరాయివాడే. తమకు పనికొస్తాడనుకున్నవాడి వైపు వెళ్లారు.

అపోహ: మిటా అంటే వెట్టి

తెలంగాణ పిల్లలు ముఖ్యంగా ఈ మాట రాస్తారు. తాతముత్తాతల నోట వెట్టి బాధలు విన్నవాళ్లు కదా, వాళ్లను తప్పుపట్టలేను. పొతోసీ వెండి గనులకు 1570లలో స్పెయిన్ రాజప్రతినిధి తొలేదో మనుషుల్ని తోలించిన మిటా నిజంగా వెట్టే. పేరు పాతది, తిరిగి ఇచ్చేది మాత్రం దాదాపు ఏమీ మిగల్లేదు. అలాగని ఇన్కాలనాటి మిటా ఇష్టమైతేనే వెళ్లే పని కాదు. తిరగబడిన ఊళ్లను పెకలించి దూరప్రాంతాలకు తరలించేవారు. ఈక్వడార్‌లో యవార్‌కోచా అనే చెరువుంది. రక్తపు చెరువు అని అర్థం. వయ్నా కపాక్ అక్కడ తిరగబడిన కరాంకీ జాతివాళ్లను చంపించాక వచ్చిన పేరు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్పెయిన్ వాళ్లను దేవుళ్లనుకుని లొంగిపోయారన్నది తప్పు. అటవాల్పా మనిషి ముందే వెళ్లి చూసి, మామూలు మనుషులేనని చెప్పాడు. యుద్ధం దోపిడీకే అన్నదీ తప్పు. ముందు కానుకలతో రాయబారం వెళ్లేది, ఒప్పుకున్న స్థానిక పెద్ద తన పదవిలోనే ఉండేవాడు, అతని కొడుకు కుస్కోకు చదువుకు, జామీనుకు కలిపి వెళ్లేవాడు.

ఇన్కాల ఆయుధాలు ఆటబొమ్మలన్నది మరో మాట. 1536లో వయ్నా కపాక్ మరో కొడుకు మాంకో ఇన్కా, స్పెయిన్ వాళ్ల చేతిలో ఉన్న కుస్కోను ముట్టడించినప్పుడు ఎర్రగా కాల్చిన రాళ్లను దూదిలో చుట్టి వడిసెలతో విసిరితే గడ్డి కప్పులు అంటుకుని ఊరు తగలబడింది. పిసారో తమ్ముడు హువాన్ సక్సయ్‌వమాన్ కోట దగ్గర తలకు రాయి తగిలి చనిపోయాడు. ఆ ముట్టడి సడలడానికి ఒక కారణం విత్తనాల అదను రావడం. చేలు పిలిస్తే రైతులు వెళ్లిపోయారు.

పరీక్షలో ఇన్కాల పతనం ఎప్పుడని అడిగితే 1532 అని రాసి ఆగకండి. మాంకో వారసులు విల్కాబాంబా అడవుల్లో రాజ్యం నడిపారు. చివరివాడైన టుపాక్ అమరు తలను కుస్కో చౌకులో నరికింది 1572లో. కహమార్కా నుంచి నలభై ఏళ్లు.